చివరి పోలు దగ్గర వోల్టేజి: నా పరిశోధన అనుభవం

సోలార్ మీదో, గ్రిడ్ మీదో పీహెచ్‌డీ చేయాలనుకుంటున్న జూనియర్లు నన్ను తరచూ అడుగుతుంటారు: టాపిక్ ఎలా ఎంచుకున్నారు, డేటా ఎక్కడ దొరికింది, ల్యాబులో ఏమేం ఉండాలి అని. ఫోనులో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది. నేను హైదరాబాద్‌లోనే చదివాను, ఈ ఊరి లైన్ల మీదే పనిచేశాను. అందువల్ల ఇందులో ఎక్కువ భాగం ఒక మామూలు కాలనీ గురించి, దాని మూలన ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ గురించి ఉంటుంది.

చేరేటప్పుడు నేను అనుకున్న టాపిక్ వేరు. మా విభాగంలో అప్పుడు అందరి నోటా ఇనర్షియా, అంటే తిరిగే యంత్రాల జడత్వం, మాటే. థర్మల్, జల విద్యుత్ కేంద్రాల్లో టన్నుల బరువున్న రోటర్లు తిరుగుతుంటాయి. ఎక్కడో ఒక పెద్ద యూనిట్ హఠాత్తుగా ఆగిపోతే, మిగతా యూనిట్ల గవర్నర్లు (ఉత్పత్తిని పెంచే, తగ్గించే నియంత్రణ పరికరాలు) అందుకునేలోగా గ్రిడ్‌ను కాపాడేది ఆ రోటర్లలోని గతిశక్తే. సోలార్ ప్యానెల్‌లో తిరిగే భాగం ఏదీ లేదు. దాని వాటా పెరిగేకొద్దీ ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, మరింత వేగంగా పడిపోతుంది. మన దేశంలో ఫ్రీక్వెన్సీ 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉండాలి. 2013 డిసెంబరు 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ (కిలోవోల్టుల) లైను ద్వారా దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి కశ్మీరులోనూ కన్యాకుమారిలోనూ ఒకటే ఫ్రీక్వెన్సీ. ప్యానెల్ కరెంటును గ్రిడ్‌కు సరిపోయేలా మార్చే ఇన్వర్టర్‌ను రోటర్‌లా ప్రవర్తింపజేయడం ఎలాగన్నది నిజంగా గొప్ప ప్రశ్న. దాని మీద పనిచేస్తున్నవారంటే నాకు గౌరవం.

నేను ఆ టాపిక్ మీద రాసిన ప్రతిపాదనను మా గైడ్ ఓపిగ్గా చివరిదాకా చదివారు. తర్వాత ఒక్కటే అడిగారు. "ఇదంతా బాగుందమ్మా. మీ కాలనీలో చివరి పోలు దగ్గర మధ్యాహ్నం పన్నెండింటికి వోల్టేజి ఎంత ఉంటుంది?"

నా దగ్గర జవాబు లేదు. ల్యాబులో ఇంకెవరి దగ్గరా లేదు. పుస్తకంలో 230 అని ఉంటుంది, ఇంట్లో స్టెబిలైజర్ ఒక అంకె చూపిస్తుంది, అంతే. దేశమంతా నడిచే 765 కేవీ లైనులో ఏ క్షణాన ఎంత కరెంటు ప్రవహిస్తోందో గ్రిడ్‌ను నడిపించే లోడ్ డిస్పాచ్ సెంటర్లో తెర మీద కనిపిస్తుంది. మన ఇంటికి వచ్చే చివరి మూడు వందల మీటర్లలో ఏం జరుగుతోందో ఏ తెర మీదా కనిపించదు. ఆ రోజే నా టాపిక్ మారింది.

విషయం అర్థం కావాలంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద బిగించిన పేరు పలక చదవాలి. మన వీధుల్లోని డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్ల మీద 11 కేవీ / 433 వోల్టులు అని ఉంటుంది. 433ను మూడు వర్గమూలంతో భాగిస్తే ఒక్కో ఫేజుకు, అంటే కరెంటు మోసే మూడు తీగల్లో ఒక్కోదానికి, 250 వోల్టులు. మనకు కావలసింది 230 అయినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ 250 ఎందుకు ఇస్తుంది? లైను పొడవునా వోల్టేజి తగ్గుతుంది కాబట్టి. మొదట్లో కాస్త ఎక్కువ ఉంచితే చివరి ఇంటికి సరిపడా చేరుతుందన్నది పాతకాలం ఇంజనీర్ల లెక్క. చాలా తెలివైన లెక్క. అయితే దాని కింద ఒక నమ్మకం ఉంది: కరెంటు ఎప్పుడూ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటి వైపే వెళుతుందని.

డాబాల మీద ప్యానెళ్లు వచ్చాక ఆ నమ్మకం పోయింది. ఐదు కిలోవాట్ల ప్యానెళ్లున్న ఇంట్లో మధ్యాహ్నం వాడకం తక్కువగా ఉంటే దాదాపు మొత్తం కరెంటు, అంటే సుమారు 22 ఆంపియర్లు, లైనులోకి ఎదురు నడుస్తుంది. ఫేజు వైరు, కరెంటుకు తిరుగు దారి అయిన న్యూట్రల్ వైరు కలిపి రానూపోనూ రెసిస్టెన్సు అర ఓమ్ అనుకుందాం. సన్న తీగల లైన్లలో అది పెద్ద అంకె కాదు. అప్పుడు ఆ ఇంటి దగ్గర వోల్టేజి 11 వోల్టులు పెరుగుతుంది. అదే ఫేజు మీద ఇంకో రెండు ఇళ్లకు ప్యానెళ్లుంటే పెరుగుదల ఇంకా ఎక్కువ. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనల ప్రకారం వోల్టేజి 110 శాతం దాటితే, అంటే 253 వోల్టులు దాటితే, ఇన్వర్టరు రెండు సెకన్లలోగా లైను నుంచి విడిపోవాలి. 250 దగ్గర మొదలయ్యే లైనుకు 253 ఎంత దూరం? కాలువ కింద చివరి భూములకు నీళ్లు అందకపోవడం మనం తరతరాలుగా చూస్తున్నదే. ఇక్కడ చివరి ఇంటికి వచ్చిన కష్టం దానికి సరిగ్గా తిరగబడింది: అక్కడ వోల్టేజి పొంగుతుంది, ఇన్వర్టరు ఆగిపోతుంది, ఎండ మండుతున్న సమయంలోనే యూనిట్లు పోతాయి. అదే సామర్థ్యం, అదే ఖర్చు, మొదటి పోలు దగ్గరి ఇంటికి ఏ నష్టమూ లేదు. నన్ను చివరిదాకా ఈ పనిలో నిలబెట్టింది ఈ అన్యాయమే.

కొలవాలంటే అనుమతి కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ మన సొత్తు కాదు. గైడ్ సంతకంతో ఉత్తరం, విభాగాధిపతి సిఫారసు, డివిజనల్ ఇంజనీరు ఆమోదం, ఆ తర్వాత సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని కలవడం. ఈ భాగానికి చాలా సమయం పడుతుంది. మీరు ఇలాంటి పని చేయాలనుకుంటే కోర్సు పేపర్లు చదువుతున్నప్పుడే ఉత్తరం పెట్టండి. షరతులు న్యాయమైనవే: లైన్ సిబ్బంది ఉన్నప్పుడే, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పనిచేయడానికి ఇచ్చే అనుమతి) తీసుకున్నాకే, ట్రాన్స్‌ఫార్మర్‌కు సరఫరా ఆపే ఏబీ స్విచ్ తెరిచి, తీగలను భూమికి కలిపి ఎర్తింగ్ చేశాకే ఏ పరికరమైనా బిగించాలి. ఈ షరతుల్లో ఒక్కదాన్నీ సడలించమని అడగకండి. ఎల్‌టీ (లో టెన్షన్) లైను కదా, చిన్న వోల్టేజే కదా అనుకుంటారు కొందరు. ఇళ్ల మీద ఇన్వర్టర్లు, బ్యాటరీలు, జనరేటర్లు పెరిగిన ఈ కాలంలో ఏ తీగలోకి ఏ వైపు నుంచి కరెంటు వస్తుందో ఎర్తింగ్ చేయకుండా ఎవరూ చెప్పలేరు.

వనస్థలిపురం వైపు ఒక కాలనీలో నాకు ట్రాన్స్‌ఫార్మర్ దొరికింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఫేజులకూ న్యూట్రల్‌కూ లాగర్ (కొలతలను వరుసగా నమోదు చేసే పరికరం) పెట్టాం, ఒప్పుకున్న ఇళ్లలో ప్లగ్గుకు తగిలించే చిన్న లాగర్లు ఉంచాం. ఇళ్లవాళ్లను ఒప్పించడానికి నాకు సహాయపడింది ఆ ప్రాంతపు లైన్‌మన్. ఆయనకు ఏ పోలు మీద జంపర్ (తీగలను కలిపే తీగముక్క) వదులుగా ఉందో, ఏ ఇంటికి ఎప్పుడు సర్వీసు ఇచ్చారో కంఠతా వచ్చు. మొదటి వారం డేటా చూసి ఒక ఫేజు మిగతా రెండింటి కంటే ఎందుకంత ఎక్కువగా ఉందో నేను తల పట్టుకుంటుంటే, ఆయన లైను వైపు చూపించి చెప్పారు:

"ఈ వీధిలో సోలార్ ఉన్న ఇళ్లు చాలావరకు బీ ఫేజు మీదే ఉన్నాయమ్మా. సర్వీసు ఇచ్చేటప్పుడు నిచ్చెన మీద నుంచి చేతికి అందే తీగకే కలుపుతారు. అప్పట్లో సోలార్ ఎవరికి తెలుసు?"

"మార్చడం కష్టమా అన్నా?"

"కష్టం ఏముంది, ఎల్‌సీ ఇస్తే పూట పని. ఏ ఇంటిని ఎక్కడికి మార్చాలో ఎవరైనా లెక్క చెప్పాలి."

ఆ లెక్కే నా థీసిస్‌కు వెన్నెముక అయింది. దాని సంగతి చెప్పేముందు డేటా గురించి కొంత.

అత్యధిక వోల్టేజి మే నెలలో వస్తుందని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్‌లో అలా జరగదు. మేలో ఎండ తీవ్రంగా ఉన్నా ఏసీలు, కూలర్లు ఆ కరెంటును అక్కడికక్కడే తాగేస్తాయి. పైగా ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. అంతకు మించి వేడెక్కే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.35 నుంచి 0.4 శాతం వరకు తగ్గుతుంది. వేసవి మధ్యాహ్నం డాబా మీది ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది, అంటే పన్నెండు పదమూడు శాతం అక్కడే పోయినట్టు. నా లాగర్లలో అన్నిటికంటే ఎత్తైన గీత సంక్రాంతి సెలవుల్లో కనిపించింది. ఊరు సగం ఖాళీ. కాలనీలో తాళాలు వేసిన ఇళ్లు, ఫ్రిజ్‌లు తప్ప నడిచేది లేదు. ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి చల్లగా ఉంది, దక్షిణానికి వాలిన ప్యానెళ్లు పూర్తి బలంతో పనిచేశాయి. పండక్కి వెళ్లినవాళ్లకు తమ ఇన్వర్టర్లు రోజూ మధ్యాహ్నం పడుతూ లేస్తూ ఉన్నాయని తెలియనే తెలియదు. విదేశీ పత్రికల్లో ఆదివారం మధ్యాహ్నపు తక్కువ లోడు గురించి చదివాను. మన నగరానికి అలాంటి రోజు సంక్రాంతి అని చెప్పగలిగింది ఇక్కడి కొలతలే.

వానాకాలం వేరే పాఠం చెప్పింది. తెల్లని మబ్బు తునక ఒకటి కాలనీ మీదుగా జారిపోతే ఉత్పత్తి కొద్ది సెకన్లలో సగానికి పడి మళ్లీ లేస్తుంది. పదిహేను నిమిషాల సగటు తీసుకుంటే ఇది కనిపించదు. లాగర్‌ను సెకను స్థాయిలో ఉంచమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

ఇక లెక్క. సోలార్ ఉన్న ఇళ్లు మూడు, ఒకే చోట, ఒకే ఫేజు మీద ఉన్నాయనుకోండి. ఒక్కో ఇంటి కరెంటు ఐ, ఒక్కో తీగ రెసిస్టెన్సు ఆర్. ఫేజు తీగలో మూడింతల కరెంటు, న్యూట్రల్‌లోనూ అంతే, మొత్తం వోల్టేజి పెరుగుదల ఆరు ఐఆర్. అవే ఇళ్లను మూడు ఫేజులకు ఒక్కొక్కటిగా పంచితే న్యూట్రల్‌లో కరెంటు సున్నా అవుతుంది, ఒక్కో ఫేజులో పెరుగుదల ఒక్క ఐఆర్. ఆరో వంతు! వాడకం లేదని, తీగలన్నీ ఒకే మందమని అనుకున్న సులభ లెక్క ఇది. అయినా కొత్త తీగ, కొత్త పరికరం ఏదీ లేకుండా ఇంత ఫలితం ఇచ్చే ఉపాయం ఇంకొకటి నాకు కనబడలేదు.

ఏ ఇల్లు ఏ ఫేజు మీద ఉందో తెలుసుకోవడమే అసలు చిక్కు. తీగలు మారుతూ వచ్చాయి, రికార్డులు మారలేదు. దీనికి లాగర్లే దారి చూపాయి. ఒకే ఫేజు మీద ఉన్న ఇళ్ల వోల్టేజి ఒకేలా ఊగుతుంది: ఒక ఇంట్లో మోటారు వేస్తే అదే ఫేజు మీది పొరుగింట్లో చిన్న గుంట కనిపిస్తుంది, వేరే ఫేజు మీది ఎదురింట్లో అది ఉండదు. ఇలాంటి పోలికలను గణాంకాలతో పట్టి ఇళ్లను మూడు గుంపులుగా విడదీశాం. తర్వాత లైన్‌మన్ పోలెక్కి చూసి సరిపోల్చారు. లైను మోడల్‌కు ఓపెన్‌డీఎస్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్ వాడాను. అది ఉచితంగా దొరుకుతుంది, నాలుగు తీగల అసమతుల్య లైనును ఉన్నదున్నట్టు లెక్కిస్తుంది. మూడు ఫేజులూ సమానమని ముందే అనుకునే సాఫ్ట్‌వేర్‌తో ఎల్‌టీ లైను మీద పనిచేయకండి. సమస్య మొత్తం ఆ ఊహలోనే మాయమవుతుంది.

ల్యాబు పని మొదలయ్యాక రుచి మారింది. ఇన్వర్టరు తనంతట తానే వోల్టేజిని అదుపు చేయగలదా అన్నది చూడాలి. 2018లో సవరించిన ఐట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ) 1547 ప్రమాణంలో రెండు పద్ధతులున్నాయి. వోల్టేజి పెరిగినప్పుడు ఇన్వర్టరు రియాక్టివ్ పవర్ (పనికి ఖర్చు కాకుండా లైనుకూ పరికరానికీ మధ్య ఊగే పవర్) తీసుకోవడం ఒకటి, ఉత్పత్తినే తగ్గించుకోవడం రెండోది. దూరాలకు కరెంటు మోసే ట్రాన్స్‌మిషన్ లైన్లలో రియాక్టెన్సు (తీగ ఇండక్టెన్సు వల్ల కలిగే అడ్డు) ఎక్కువ, రెసిస్టెన్సు తక్కువ కాబట్టి రియాక్టివ్ పవర్‌తో వోల్టేజి చక్కగా వింటుంది. మనం బీటెక్‌లో చదివింది అదే. ఎల్‌టీ తీగలో రెసిస్టెన్సుదే పైచేయి, కాబట్టి అదే మందు ఇక్కడ సగం కూడా పనిచేయదు, పైగా తీగలో కరెంటు పెరిగి నష్టాలు పెరుగుతాయి. రెండో పద్ధతి తప్పకుండా పనిచేస్తుంది. అయితే వోల్టేజి ఎక్కువున్నచోటే తగ్గించమంటుంది గనుక మళ్లీ చివరి ఇంటివాళ్లే నష్టపోతారు.

చిన్న ఇన్వర్టర్లు రెండు నేనే తయారు చేశాను. రెడీమేడ్‌వి కొంటే లోపలి నియంత్రణ మనకు చిక్కదు. విడిభాగాల్లో చాలావాటికి కోఠిలోని గుజరాతీ గల్లీయే ఆధారం. కెపాసిటర్లు, హీట్‌సింకులు, కనెక్టర్లు చేత్తో తడిమి చూసి కొనుక్కోవచ్చు. ఐజీబీటీలు (కరెంటును ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు), ప్రాసెసర్ బోర్డు మాత్రం ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. ఫిల్టరు చోక్‌లు రాణిగంజ్ వైపు చుట్టించాను. లైనుకు బదులు రియోస్టాట్, ఇండక్టర్ వరుసగా కలిపి రెసిస్టెన్సు, రియాక్టెన్సు నిష్పత్తి కాలనీ తీగకు సరిపోయేలా పెట్టాం. స్విచింగ్ 10 కిలోహెర్ట్జ్, అంటే వంద మైక్రోసెకన్లకు ఒకసారి. ఒకే జతలోని పై ఐజీబీటీ, కింది ఐజీబీటీ ఒక్క క్షణం కూడా కలిసి ఆన్ కాకూడదు, అందుకని మధ్యలో రెండు మైక్రోసెకన్ల విరామం. డిమ్మర్‌స్టాట్‌తో వోల్టేజిని మెల్లగా పెంచుతూ, సీఆర్ఓ (వోల్టేజి అలను తెర మీద చూపే పరికరం) మీద ఇన్వర్టరు అల గ్రిడ్ అలతో పూర్తిగా కలిసిన క్షణం చూడడం కోసమే ఈ రంగంలోకి రావచ్చని నా ఉద్దేశం.

రెండు ఇన్వర్టర్లను పక్కపక్కన పెట్టినప్పుడు ఆసక్తికరమైన సంగతి బయటపడింది. స్పందన మరీ చురుగ్గా పెడితే ఒకటి వోల్టేజిని దించుతుంది, రెండోది అది చూసి వదిలేస్తుంది, మళ్లీ పెరుగుతుంది. ఊగిసలాట ఆగదు. నెమ్మదిగా స్పందించేలా చేస్తే రెండూ కుదురుకున్నాయి. అంతిమంగా నా పద్ధతికి వచ్చిన వరుస ఇది: ముందు ఫేజుల సర్దుబాటు, అప్పటికీ మిగిలితే కొంత రియాక్టివ్ పవర్, అదీ చాలకపోతే ఉత్పత్తి తగ్గింపు, ఆ తగ్గింపు వీధిలోని అన్ని ఇళ్లకూ సమానంగా.

పత్రికకు పంపితే ఒక సమీక్షకుడు రాశారు: ఫేజులు మార్చడం లైన్ సిబ్బంది ఎప్పుడూ చేసే పనే, ఇందులో పరిశోధన ఎక్కడుందని. చదివి చాలా బాధపడ్డాను. ఏ ఇంటిని ఎక్కడికి మార్చాలో ఎవరైనా లెక్క చెప్పాలన్న మాట గుర్తొచ్చింది. పోలు ఎక్కకుండా ఫేజు కనిపెట్టే పద్ధతిని, మార్చవలసిన ఇళ్ల సంఖ్య అతి తక్కువగా ఉండేలా చేసే గణనను, మార్పుకు ముందూ వెనుకా కొలతలను విడివిడిగా చూపించి జవాబు రాశాం. ఏఈ గారి అనుమతితో ఆ వీధిలో కొన్ని సర్వీసులు మార్చిన తర్వాత తీసుకున్న కొలతలు అప్పటికి చేతికి వచ్చాయి. మధ్యాహ్నం ఇన్వర్టర్లు ఆగిపోవడం దాదాపు పోయింది. వ్యాసం అచ్చయింది.

థీసిస్ చివరి అధ్యాయం రాస్తుండగా 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలు పట్టపగలు చీకటిలో మునిగాయి. దర్యాప్తులో తేలిన ప్రధాన కారణం ఓవర్‌వోల్టేజి: ఒకచోట వోల్టేజి హద్దు దాటి ఉత్పత్తి విడిపోవడం, దానివల్ల వోల్టేజి ఇంకా పెరగడం, మరికొన్ని విడిపోవడం. అది ట్రాన్స్‌మిషన్ స్థాయి సంగతి, మా కాలనీతో నేరుగా పోల్చకూడదు. కానీ వోల్టేజి పెరుగుదలను ఇంతకాలం ఫ్రీక్వెన్సీ కంటే చిన్న సమస్యగా చూసిన ధోరణి సరికాదని నేను వైవాలో గట్టిగానే చెప్పాను. మన దేశంలో 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. ఆ కోటి ఇళ్లూ కోటి చివరి పోళ్ల మీద ఆధారపడతాయి.

వైవాలో బయటి పరీక్షకుడు అడిగిన ఒక ప్రశ్న ఇప్పుడు నా తదుపరి పని. ఈ ఇళ్లవాళ్లంతా ఎలక్ట్రిక్ కార్లు కొంటే మీ సర్దుబాటు నిలుస్తుందా అన్నారు. మధ్యాహ్నం చార్జింగు పెడితే పొంగే కరెంటును కారే మింగుతుంది, మంచిదే. రాత్రి అందరూ ఒకేసారి పెడితే లైను చివర వోల్టేజి పడిపోతుంది, మధ్యాహ్నానికి సరిపోయిన ఫేజు పంపకం రాత్రికి సరిపోకపోవచ్చు. రెండు పూటలకూ కుదిరే పంపకం వెతుకుతున్నాను.

ఇంటి మీద సోలార్ ఉన్నవారికి ఒక పని చెబుతాను. మీ ఇన్వర్టరు మధ్యాహ్నం ఆగిపోతుంటే తెర మీద కనిపించే వోల్టేజిని, తేదీని, గంటను ఒక కాగితం మీద కొన్నాళ్లు రాసిపెట్టండి. అదే సమయంలో పొరుగున ఉన్న సోలార్ ఇంటి అంకె కూడా పక్కనే రాయండి. రెండూ కలిసి పెరుగుతుంటే మీరిద్దరూ ఒకే ఫేజు మీద ఉండే అవకాశం ఎక్కువ. కరెంటు రావడం లేదని కాకుండా, ఫలానా రోజు ఫలానా గంటకు 255 ఉంది, ఫేజు సర్దుబాటు చూడగలరా అని రాసి సెక్షన్ కార్యాలయంలో ఇవ్వండి. ఆ కాగితం చేతికొచ్చిన ఏఈకి ఏం చేయాలో వెంటనే అర్థమవుతుంది.